పురుగులు చస్తాయని చెప్పాను

బీఎడ్ పట్టా చేతికొచ్చిన ఆ కొత్తలో నాకు అన్నీ తెలుసు, ఒక్క 'తెలియదు' అనడం తప్ప. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి టీచరుగా చేరాను. మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు (నచ్చకపోతే పంపించేస్తామని అర్థం). చేరిన రోజే కరస్పాండెంట్ సార్ హెచ్చరించారు. "టీచర్ తెల్వదన్నదంటే పిల్లలకు భయం పోతది మేడం." ఆ మాట బుద్ధిగా తలకెక్కించుకున్నాను. అదే వారం విలువల పీరియడ్‌లో 'తెలియనిది తెలియదని ఒప్పుకోవడమే చదువుకు మొదటి మెట్టు' అని రంగు సుద్దలతో బోర్డు నిండా రాశాను. రెండింటికీ పొంతన లేదని తోచనే లేదు.

ఆ పాఠం మధ్యలోనే రెండో బెంచీ పిల్ల లేచింది. వాళ్ల నాన్న రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. "మేడం, మిల్లుల వడ్లను మర పట్టేముందు ఎందుకు ఉడకబెడతరు?" కోదాడలో వరి పొలాల మధ్య పెరిగినదాన్నే గాని, వడ్లు ఉడకబెడతారని అప్పుడే విన్నాను. "పురుగులు చావడానికి," అన్నాను తడుముకోకుండా. "నూకలు తక్కువైతయని మా నాయన అన్నడు మేడం." "మీ నాన్న ఎంత చదివాడు?" అన్నాను. (ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు.) అంతటితో ఆగానా? వారం పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చి, నూకలని రాసిన ఆ పిల్ల జవాబుకు ఎర్రగా ఇంటూ కొట్టాను.

శనివారం తల్లిదండ్రుల మీటింగుకు వాళ్ల నాన్న ఆ పేపరుతో వచ్చాడు, తల నిండా ఊక దుమ్ము. సార్ నా పక్కనే నిలబడ్డారు. ఇక నా ఉద్యోగం ఖతం అనుకున్నాను. "మేడం, పన్నెండేండ్ల సంది గదే పని చేస్తున్న. ఉడకబెడితే గింజ గట్టిపడ్తది, మర పట్టేటప్పుడు ఇరగదు అనుకున్న. పురుగుల ముచ్చట నాకు తెల్వదు. జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి, మా వాళ్లకు గూడ చెప్త." వెటకారం కోసం ఆయన మొహమంతా వెతికాను. లేదు. పైగా జేబులోంచి పెన్ను తీశాడు. "రెండూ కరెక్టే," అన్నాను నీరసంగా. ఆయన పేపరు వెనక శ్రద్ధగా రాసుకోసాగాడు. 'పురు' దాకా వచ్చేసరికి ఇక తట్టుకోలేకపోయాను. "రాయకండి అన్నా. నాకు తెలియదు. ఊరికే చెప్పాను."

సార్ దగ్గారు (జలుబేమీ లేదు). పిల్ల నాన్న మాత్రం గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "గంతేనా మేడం! గిన్నేండ్లు తప్పు చేసిన్నేమో అని పరేషాన్ అయిన." ఆ పిల్ల పేపరు మీది ఇంటూను కొట్టేసి మార్కు వేశాను. నెలాఖరుకు సార్ నా పేరూ అలాగే కొట్టేశారు.

ఇప్పుడు సూర్యాపేటలో మా నాలుగేళ్ల బిడ్డకు బడి వెతుకుతున్నాను. 'తెలియదు' అనే టీచరు దొరికితేనే చేర్పిస్తానని నా పంతం (నా దిగులుకు నేను పెట్టుకున్న పేరు అది). మొన్న ఒక బడిలో బిడ్డ అడిగింది, పగలు కూడా చందమామ ఎందుకు కనిపిస్తాడని. "సూర్యుడు లేట్‌గా లేస్తే అట్లయితది నాన్నా," అంది అక్కడి చిన్న వయసు టీచరు, ఓరగా ప్రిన్సిపాల్ గది వైపు చూస్తూ. దిద్దబోయి ఆగి, ఆమె చూసిన గది వైపు నేనూ చూశాను.

"మీరు చేరి ఎన్నాళ్లయింది?"

"మూడో వారం మేడం."

బిడ్డ కోసం దరఖాస్తు ఫారం అడిగి తీసుకున్నాను.