మామ్మ పొయ్యి మీద కట్టబోయిన హాలు

బందరులో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే రోజులవి. గాజు తలుపు, గోడకి ఏసీ, లోపల తెల్లగుడ్డ కప్పిన యంత్రం. ఆ గుడ్డ తీసే అధికారం ఎవరికుంటే ఆఫీసులో ఇంజనీరు గారి తర్వాత వాళ్ళదే స్థానం. ఆ స్థానం నాకు ఇరవై రెండేళ్ళకే దక్కింది. డిప్లొమా అయ్యాక గుడివాడలో ఆరు నెలలు క్యాడ్ నేర్చుకుని, రోజూ పాసింజరు రైల్లో బందరు వెళ్ళి వచ్చేదాన్ని. రైల్లో ఎవరైనా ఏం ఉద్యోగమమ్మా అని అడిగితే ‘కంప్యూటర్ మీద బిల్డింగులు గీస్తానండి’ అని చెప్పేదాన్ని. (పక్కవాళ్ళు అడగకపోయినా చెప్పేదాన్ని.)

ఆ ఆఫీసులో నాకంటే ముందు ముప్పై ఏళ్ళుగా చేత్తో గీసిన ఒక పెద్దాయన ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ స్కేలు ఉండేది కాబట్టి అందరూ స్కేలు మావయ్య అనేవాళ్ళం. నేను వచ్చాక ఆయన డ్రాయింగు బల్ల మీద మేం టిఫిను డబ్బాలు పెట్టుకోవడం మొదలైంది. ఆయన మాత్రం ఊళ్ళమ్మట తిరిగి స్థలాలు టేపుతో కొలిచి, లెక్కలు కాగితం మీద రాసి నాకు తెచ్చిచ్చేవారు. నేను వాటిని కంప్యూటర్లో ఎక్కించేదాన్ని. ‘నా చేతి పని ఇక నీ వేళ్ళల్లో ఉందమ్మాయ్, జాగ్రత్త’ అనేవారు. అది మెప్పనుకున్నాను.

క్యాడ్‌లో ఎక్స్‌రెఫ్ అని ఒకటుంది. కట్టబోయే భవనం ఒక ఫైలు, అది కట్టే స్థలం ఇంకో ఫైలు. భవనం ఫైలు తెరవగానే అది స్థలం ఫైలుని పిలిపించుకుని చాపలా కింద పరుచుకుంటుంది. చాప దాని దగ్గర ఉండదు, చాప ఎక్కడుందో చిరునామా మాత్రమే ఉంటుంది. చిరునామా మారితే చాప రాదు. ఆ ఇంట్లో వేరే చాప ఉంటే, నోరెత్తకుండా దాన్నే తెచ్చి పరుస్తుంది.

ఆ ఏడు మా ఆఫీసుకి దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న చేపలు పట్టే పల్లెకారుల ఊళ్ళో హాలు పని వచ్చింది. తుఫానొస్తే ఊరంతా తలదాచుకోవడానికి, మామూలు రోజుల్లో పెళ్ళిళ్ళకి. మావయ్య వెళ్ళి, మురుగుకాలవ మీది కల్వర్టు మూల నుంచి హాలు మూలకి నూట పది అడుగులని రాసుకొచ్చారు. తర్వాత ఆ కల్వర్టు పడగొట్టి, హాలు వైపుకి నలభై అడుగులు జరిపి కొత్తది కట్టారు. ఆయన మళ్ళీ ఎండలో పడి వెళ్ళి, ఈసారి డెబ్బై అడుగులని తెచ్చిచ్చారు. నేను కొత్త స్థలం ఫైలు గీశాను. పాతదాని పేరు ‘సైట్’, కొత్తదాని పేరూ ‘సైట్’. వేరు వేరు ఫోల్డర్లలో ఉన్నాయిలే అనుకున్నాను.

తర్వాత ఒక శనివారం పనేమీ లేక నాకు శుభ్రత మీద ప్రేమ పుట్టింది. ఫైళ్ళన్నీ లాగి ఒక్క ఫోల్డరులో పడేశాను. యంత్రం పాపం ఆగి అడిగింది, ఇదే పేరుతో ఇంకొకటుంది, దాని మీద ఇది వేసేయనా అని. చదవకుండా ఔనన్నాను. సోమవారం హాలు ఫైలు తెరిస్తే స్థలం దొరకలేదంది. దానికి ‘సైట్’ చూపించాను. వచ్చింది. రోడ్డుంది, కాలవుంది, కల్వర్టూ ఉంది. ఇంకేం కావాలి? పునాదికి ముగ్గు పోసే రోజుకి ప్రింటు కావాలంటే, కల్వర్టు నుంచి హాలు మూలకి కొలత కూడా నా చేత్తో వేసిచ్చాను. నూట పది.

ముగ్గు పోసే రోజు నన్నూ జీపులో తీసుకెళ్ళారు. కొత్త చీర కట్టుకుని, చుట్టిన ప్రింటు ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకు కూర్చున్నాను. ఇంజనీరు గారు మోపిదేవి గుడి దగ్గర జీపాపి దణ్ణం పెట్టుకొచ్చారు. ఊళ్ళో పెద్దలు, ఆడవాళ్ళు, పిల్లలు అప్పటికే వచ్చేశారు. కొబ్బరికాయ, ముగ్గు, మేకులు అన్నీ సిద్ధం. మావయ్య ప్రింటు చూసి కళ్ళజోడు పైకి జరుపుకున్నారు.

‘నేను డెబ్బై ఇచ్చినట్టు గుర్తండీ.’

‘గుర్తులెందుకండీ? ప్రింటులో ఉన్నది కొలవండి. ముహూర్తం దాటిపోతుంది’ అన్నారు ఇంజనీరు గారు.

మేస్త్రి టేపు పట్టుకుని నడిచాడు. స్థలం దాటాడు, కంచె దాటాడు, పక్క పాక వాకిట్లోకి వెళ్ళాడు. అక్కడ ఒక మామ్మ పొయ్యి మీద రొయ్యపొట్టు వేయించుకుంటోంది. నూట పది సరిగ్గా పొయ్యి మీద పడింది.

‘ఏంటయ్యా, టేపట్టుకుని పొయ్యిలో దూరిపోతన్నావు?’

‘ఇక్కడ హాలు మూలొస్తందే మామ్మా.’

‘మరి నా మూల ఎక్కడికెల్తది?’

ఊరంతా గొల్లుమంది. నేనూ నవ్వబోయాను. అప్పుడు యంత్రం అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది: కొత్త ‘సైట్’ మీద పాతది వేసేశాను.

‘ఈ నూట పది ఎక్కడిది?’ అని ఇంజనీరు గారు నా వైపు తిరిగారు.

‘మావయ్య గారిచ్చిన కాగితంలో ఉన్నదే వేశానండి.’

అబద్ధం కాదు. ఆయనిచ్చిన మొదటి కాగితంలో నూట పదే ఉంది. అంత జాగ్రత్తగా ఏరుకున్న నిజం నా జన్మలో ఇంకోటి చెప్పలేదు.

‘ముప్పై ఏళ్ళ అనుభవం! కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చోండి, ఊరి ముందు నా పరువు తీయకండి’ అని ఇంజనీరు గారు ఆయన మీద అరిచారు. మావయ్య నన్నొకసారి చూసి, టేపు చుట్టుకున్నారు. కొలత తేలేదాకా ముగ్గు వద్దన్నారు ఇంజనీరు గారు. ముహూర్తం దాటింది. ఇంకో పదిహేను రోజులదాకా మంచిరోజు లేదట. ఊరివాళ్ళు కొబ్బరికాయ వెనక్కి పట్టుకెళ్ళారు. 

ఆదివారం మా ఊరి మందిరంలో పాస్టరు గారు తప్పులు ఒప్పుకోవడం గురించి చెప్పారు. (ఆయన ప్రతివారం చెప్పేది అదే. ఆ వారం మాత్రం మా అమ్మ నా గురించి ఆయనతో ఏమైనా చెప్పిందా అని అనుమానం వచ్చింది.) సోమవారం పొద్దున్నే మావయ్య బల్ల దగ్గరికి వెళ్ళి, టిఫిను డబ్బాలన్నీ తీసి కింద పెట్టి, మొత్తం చెప్పేశాను. ఏడుస్తానని ముందే రుమాలు తెచ్చుకున్నాను. ఆయన ఓదారుస్తారని కూడా అనుకున్నాను.

‘నాకెందుకమ్మా చెప్తున్నావు? నేను తప్పు చెయ్యలేదని నాకు తెలుసు కదా. వినాల్సినాయన ఆ గదిలో ఉన్నారు’ అన్నారాయన.

ఆ గదిలోకి వెళ్ళాను. ఇంజనీరు గారు విని, కాసేపు ఫ్యాను వైపు చూశారు.

‘అక్కడే చెప్పొచ్చుగా?’

‘భయమేసిందండీ.’

‘నాకూ ఊరిని చూసి భయమే వేసింది. అందుకే ఆయన మీద అరిచాను. సరే, వెళ్ళి పని చూసుకో.’

అంతే. మావయ్యతో మాత్రం ఆయన ఏమీ అనలేదు. క్షమాపణ చెప్పడం పెద్దవాళ్ళకి ఇంకా కష్టమని ఆ వారమంతా చూశాను. తిట్టింది ఊరి ముందు, నేను ఒప్పుకున్నది నాలుగు గోడల మధ్య. అది సరిపోదని నాకు తెలుస్తూనే ఉంది.

పదిహేను రోజులకి మళ్ళీ వెళ్ళాం. ఈసారి పాత చీరే. కొబ్బరికాయ కొట్టకముందే నేను ఊరి పెద్దల ముందుకెళ్ళి నిలబడ్డాను. 

‘పోయినసారి తప్పు మావయ్య గారిది కాదండీ. ఆయన సరిగ్గానే కొలిచారు. కంప్యూటర్లో కొత్త ఫైలు మీద పాత ఫైలు పడిపోయింది.’

‘పడలేదమ్మాయ్, పడేశావు’ అన్నారు మావయ్య వెనక నుంచి.

‘పడేశానండి’ అన్నాను.

 మామ్మ తన గుమ్మంలోంచే అరిచింది: ‘పడేత్తే పడేశావు గానీ, ఈసారన్నా నా పొయ్యి నాకొదిలేయండి!’ అందరూ నవ్వారు. ఇంజనీరు గారు కూడా నవ్వి, మావయ్య వైపు తిరిగి, ‘మీరే కొలవండి, మీ మాటే ఖాయం’ అన్నారు. ఆయన నోటికి అది క్షమాపణే. మావయ్య టేపు రెండో చివర నా చేతికిచ్చారు. డెబ్బై అడుగుల దగ్గర మేకు దిగింది.

హాలు లేచింది. మావయ్య మునుపటిలా నాతో మాట్లాడటానికి మాత్రం దాదాపు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో ఆయన బల్ల మీద ఎవరూ డబ్బాలు పెట్టకుండా నేనే కాపలా కాశాను.

మొన్న పాత ఆల్బమ్ తిరగేస్తుంటే ఆ ఏడాది తీయించుకున్న ఫోటో ఒకటి కనిపించింది. కంప్యూటరు మీద చెయ్యేసి, గడ్డం పైకెత్తి, ప్రపంచంలోని స్థలాలన్నీ తన ఫోల్డర్లోనే ఉన్నట్టు నిలబడ్డ పిల్ల. ‘ఎవరమ్మా ఈ పొగరు?’ అంది మా అమ్మాయి. తెలిసినమ్మాయేలే అని నవ్వి, పేజీ తిప్పేశాను. చెవులు మాత్రం చాలాసేపు వేడిగానే ఉన్నాయి.