పెలికన్ల పుస్తకంలో చెరిపిన గడి

మొన్న నా క్లాసులో బల్ల కింద ఒక గులాబీరంగు రబ్బరు దొరికింది, స్ట్రాబెర్రీ వాసన వేసే రకం. ఏ మూడో తరగతి పిల్ల పారేసుకుందో తెలియదు. టీచర్ని కదా, తీసి డబ్బాలో వేసి ఊరుకోవాలి. నేనేమో అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అంతే. ఇదే దోహాలో మేము మొదట కాపురమున్న, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని విల్లా, శుక్రవారం మధ్యాహ్నం, వంటింట్లో అమ్మ వేసిన ఇంగువ తిరగమోత, జుమా నమాజు ముగిసి వీధిలో ఒకటొకటిగా స్టార్టయ్యే కార్ల చప్పుడు, పాత ల్యాప్‌టాప్‌లోంచి సముద్రానికి అవతల ఎక్కడో అరుస్తున్న జనం, అన్నీ ఆ చిన్న ముక్కలోంచి బయటికొచ్చాయి. ఇలాంటి రబ్బరుతోనే పదేళ్ళ వయసులో నేనో తప్పు చేశాను. చెప్పేస్తే బరువు తగ్గుతుందని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను, నోరు మాత్రం పెగల్లేదు.

ఆ విల్లాలో గదికో సంసారం ఉండేది. కింద రెండు గదులు మావి: నాన్న, అమ్మ, నేను, నాన్న తమ్ముడు మురళి బాబాయి. పెరటివైపు గదిలో జగిత్యాల దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చిన మల్లేశం మామ, ఇంకో ముగ్గురు ఉండేవాళ్ళు. మామ గ్యాసు ప్లాంట్లుండే రాస్ లఫాన్‌కి షిఫ్టు బస్సు నడిపేవాడు, అదే బస్సులో బాబాయి డ్యూటీకి వెళ్ళేవాడు. చలికాలం వచ్చిందంటే మా ఇంటికి పండగే. ఏసీలు ఆగిపోయేవి, తలుపులు బార్లా తెరుచుకునేవి, మేడమీద చాపలు పరిచి కందిపొడి అన్నాలు, ఉల్లిపాయ పకోడీలు, మధ్యమధ్య కళ్ళలో పడే సన్నటి ఇసుక. ఆస్ట్రేలియాలో మాత్రం అప్పుడే ఎండాకాలమట, అప్పుడే అక్కడ బేస్‌బాల్ ఆడతారట. ఈ ముక్క చెప్పింది బాబాయే. దోహాకి రాకముందు ఆయన పడమటి ఆస్ట్రేలియాలో ఒక రేవుపట్నంలో చదువుకున్నాడు. శని ఆదివారాలు ఆ ఊరి బేస్‌బాల్ మైదానంలో రొట్టెలో సాసేజీ, వేయించిన ఉల్లిపాయ పెట్టి అమ్మేవాడు. ఆ ఊరి జట్టు పేరు పెలికన్లు. ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చాడే గానీ మనసు అక్కడే ఆ కంచె పక్కన వదిలేసి వచ్చాడు.

పెలికన్ల చరిత్ర చెప్పమంటే బాబాయి మంచం మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టేవాడు. ఓడల్లో వచ్చిన అమెరికా వాళ్ళు రేవులో కాలక్షేపానికి ఆడుతుంటే సరుకులు దించే కూలీలు చూసి నేర్చుకున్నారట. ఆ కూలీల మనవల కాలానికి జీతాలిచ్చి ఆడించే జట్టు అయిందట. మధ్యలో లీగు మూతపడిందట, జట్టు లేదు, ఆట లేదు, కానీ అభిమానులు మాత్రం ప్రతి నెలా ఎవరి గడ్డికోత యంత్రం వాళ్ళు తోసుకొచ్చి మైదానంలో గడ్డి కోసి పోయేవారట. "ఎవరూ ఆడని మైదానానికి గడ్డెందుకు కొయ్యడం?" అని నాన్న నవ్వితే బాబాయికి ఒళ్ళు మండేది. "ఎప్పటికైనా వస్తారని అన్నయ్యా" అనేవాడు. వచ్చారు కూడా, కొత్త లీగు పుట్టి, అదే పేరుతో.

అక్కడి జనం పద్ధతులు వింటుంటే నాకు తిండి కూడా గుర్తుండేది కాదు. జట్టుకో పరుగు వచ్చిందంటే చెక్క గ్యాలరీలో వేలాడదీసిన, ఓడల్ని రేవులోకి లాగే పాత టగ్గు పడవ గంటని ఒకసారి కొట్టేవారట. జట్టు వెనకబడితే అందరూ టోపీలు లోపలివైపు బయటికి తిప్పి పెట్టుకునేవారట. బంతి బయటికి వచ్చి పడితే తిరిగిచ్చిన పిల్లకి ఒక పుల్ల ఐసు. ఆట అయ్యాక పిల్లలందర్నీ మైదానంలోకి వదిలేస్తే చీకటిపడేదాకా మట్టిలో జారుతూ ఉండేవారట. మాకు టగ్గు గంట ఎక్కణ్ణుంచి వస్తుంది? అమ్మ దేవుడి గంట ఉంది. "అది ఆటవస్తువు కాదు" అని అమ్మ ఒంటికాలి మీద లేచింది. చివరికి కాళ్ళూ చేతులూ కడుక్కుని, సంధ్యదీపం పెట్టాక, నిజంగా పరుగు వస్తేనే కొట్టాలన్న ఒప్పందం మీద ఇచ్చింది. మల్లేశం మామకి టోపీ లేదు, మెడలో తువ్వాలు తీసి తిరగేసి కప్పుకునేవాడు. "గిది మా చిర్రగోనె లెక్కనే ఉన్నది గద సారూ, బట్టలే జర మంచియి ఏసుకున్నరు" అన్నాడు మొదటిరోజే, మేము బిళ్ళంగోడు అనే ఆటని తలుచుకుని.

చిక్కల్లా ఒక్కటే. అక్కడ రాత్రి ఏడింటికి మొదలైన ఆట ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. శుక్రవారాలు బాబాయికి డ్యూటీ. గ్యాసు ప్లాంటు లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. అందుకని ల్యాప్‌టాప్‌లో ఆట చూస్తూ స్కోరు పుస్తకం రాయడం ఆయన నాకు నేర్పాడు. ఒక్కో ఆటగాడికి ఒక్కో గడి, గడిలో చిన్న డైమండు బొమ్మ. దాని నాలుగు మూలలూ మైదానంలో ఆటగాడు చుట్టాల్సినవి: మూడు మెట్లు, బయల్దేరి మళ్ళీ చేరాల్సిన నాలుగోది ఇల్లు. బంతి కొట్టి ఎంతవరకు పరిగెత్తితే అంతవరకు పెన్సిలు గీత, పూర్తిగా చుట్టి వస్తే డైమండంతా నల్లగా నింపాలి, అదొక పరుగు. మూడు బంతులకీ బ్యాటు ఊపి తగలక ఔటైతే ఇంగ్లీషు కె. మూడో బంతికి అసలు ఊపకుండా చూస్తూ నిలబడిపోతే కె ని తిరగేసి రాయాలి. నిలబడిపోయినవాడంటే బాబాయికి మహా జాలి. "పాపం, వదిలేద్దామనుకున్నాడే, అదే సరైన బంతి అయింది" అనేవాడు. ఇక నియమాలు రెండే. చూసిందే రాయాలి. రబ్బరు ముట్టుకోకూడదు, తప్పు పోతే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి. "నువ్వు రాసిందే నాకు ఆట చిన్నీ. నా కళ్ళు నీ దగ్గర పెట్టి పోతున్నాను" అని నా నెత్తిన చెయ్యి పెట్టాడు. పదేళ్ళ పిల్లకి ఇంకేం కావాలి, నేల మీద నడిచానా నేను!

సాయంత్రం బస్సు హారన్ వినబడగానే ఇంట్లో అందరూ మొహాలు దిద్దుకునేవాళ్ళు. గెలిచామో ఓడామో ఎవరి మొహంలోనూ కనబడకూడదు. నోట్లో నువ్వుగింజ నానని మా అమ్మ కూడా ఆ అరగంట వంటింట్లోంచి రాకుండా గిన్నెలు తోముకునేది. "ఎట్ల ఆడిన్రు బిడ్డా మనోళ్ళు? ఆఁ, చెప్పకు చెప్పకు, మీ బాబాయి సంపుతడు" అంటూ మల్లేశం మామ వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాడు. బాబాయి స్నానం చేసి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, నా పుస్తకం తెరిచి మొదటి గడి నుంచి పైకి చదివేవాడు. నేను రాసినవి అంకెలూ గీతలే. ఆయన నోటినుంచి మాత్రం గాలి వచ్చేది, ఎర్రమట్టి లేచేది, పెనం మీద ఉల్లిపాయ వేగేది, బంతి దీపాల వెలుతురు దాటి చీకట్లోకి పోయి మళ్ళీ కిందికి దిగేది. నల్లగా నింపిన గడి రాగానే నేను గంట కొట్టేదాన్ని. ఇప్పటికీ నిద్ర పట్టే ముందు ఎప్పుడైనా ఆ మైదానం కనబడుతుంది నాకు, ఒక్కసారి కూడా వెళ్ళని మైదానం, చెక్క మెట్ల మీద సముద్రపు తడితో సహా.

ఆ ఏడు పెలికన్లు ఫైనల్‌కి వచ్చారు. ఆ మైదానాన్ని ఇళ్ళ స్థలాలకి ఇచ్చేశారని, అక్కడ ఆడే చివరి ఆట అదేనని బాబాయికి తెలిసింది. సెలవడిగాడు, ప్లాంటులో మరమ్మతులున్నాయని ఇవ్వలేదు. తెల్లవారుజామున బస్సెక్కేముందు నన్ను లేపి కొత్త పెన్సిలు చేతిలో పెట్టాడు. "ఒక్క గడి కూడా వదలకే" అన్నాడు. 

వదల్లేదు. తొమ్మిదో వంతు, అంటే ఆఖరి వంతు వచ్చేసరికి పెలికన్లవి మూడు పరుగులు, అవతలివాళ్ళవి నాలుగు. మనవాళ్ళు ఇద్దరు ఔట్, ఇంకొకడు పోతే ఆట అయిపోయినట్టే. రెండో మెట్టు మీద ఒకడు, మూడో మెట్టు మీద ఒకడు, కాచుకుని ఉన్నారు. మంచి దెబ్బ ఒకటి తగిలితే ఇద్దరూ ఇల్లు చేరతారు. గ్యాలరీలో టోపీలన్నీ తిరగబడ్డాయి. నేనూ నా చున్నీ తిరగేసుకున్నాను. మూడో బంతి వచ్చింది. బ్యాటు పట్టుకున్నవాడు ఊపలేదు. చూస్తూ నిలబడిపోయాడు.

తిరగేసిన కె రాశాను, కాగితం చిరిగేంత గట్టిగా. కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ఇంతాజేసి ఇది చదివి బాబాయి మొహం ఎలా ఉంటుందో తలుచుకున్నాను. అమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది, నాన్న నిద్రపోతున్నాడు. నా బడిసంచీలో స్ట్రాబెర్రీ రబ్బరు ఉంది. చెరిపేశాను. ఆ గడిలో రెండు మెట్ల దాకా పెన్సిలు గీత లాగాను, అంటే ఎడమ మూలకి మంచి దెబ్బ. వెనక్కి వెళ్ళి కాచుకున్న ఇద్దరి గడులూ నల్లగా నింపాను. ఐదు, నాలుగు. గెలిచాం!

సాయంత్రం బాబాయి ఎప్పటిలాగే స్నానం చేసి కూర్చున్నాడు. మొదటి గడి నుంచి చదువుకుంటూ వచ్చాడు. ఆఖరి గడి దగ్గర ఆగాడు. బొటనవేలు దాని మీద పెట్టి, ఒకసారి మెల్లగా నిమిరాడు. "యల్లా సారూ, సదువుండ్రి, ఏమాయె?" అన్నాడు మల్లేశం మామ. బాబాయి తలెత్తలేదు. తర్వాత చదివాడు. ఏం చదివాడని! నేను గీసింది రెండు గీతలు. ఆయన ఆ బంతి మూలకి పోయి కంచె కింద ఇరుక్కోవడం చెప్పాడు, అవతలివాడు జారి పడటం, ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మట్టి లేపుకుంటూ ఇల్లు చేరడం, చెక్క మెట్లు విరిగిపోయేలా జనం తొక్కడం, ముసలావిడ ఎవరో టగ్గు గంట తాడు పట్టుకుని వదలకపోవడం. "గంట కొట్టవే!" అని అరిచాడు. దీపం ముందు నిలబడి అబద్ధానికి రెండుసార్లు దేవుడి గంట కొట్టాను. మల్లేశం మామ వీధిలోకి పరిగెత్తి బస్సు హారన్ మోగించాడు. అమ్మ అప్పటికప్పుడు సేమ్యా పాయసం చేసింది. నాకు ఒక్క చెంచా మింగుడుపడలేదు.

ఆ తర్వాత ఫోను మోగితే చాలు, ఆస్ట్రేలియా నుంచి ఎవరో చెప్పేస్తున్నారనుకునేదాన్ని. బాబాయి ఏమీ అనలేదు. మరుసటేడు జట్టే లేదు. బాబాయి పెళ్ళి చేసుకుని కాకినాడ వెళ్ళిపోయాడు, పుస్తకం నా దగ్గరే వదిలేసి. తన కళ్ళు నాకప్పగించి పోయినవాణ్ణి మోసం చేశానన్న మాట నాతోపాటే పెరిగింది, పొడుగైంది.

రబ్బరు దొరికిన వారంలోనే మల్లేశం మామ వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి శాశ్వతంగా పోతున్నాడని తెలిసి, మనవరాలికని గౌను పట్టుకుని కలవడానికి వెళ్ళాను. జుట్టంతా తెల్లబడింది. మాటల్లో మాటగా ఆ ఫైనల్ సంగతి, నేను చేసిన పనీ చెప్పేశాను. ఆయన నవ్వాడు.

"మాకు ఎరుకే బిడ్డా. ఆ దినం ప్లాంటు గేటు కాడనే ఎవరో ఆస్ట్రేలియా సారు చెప్పిండు, ఓడిపోయిన్రని. మీ బాబాయి ముంగటి సీట్ల కూసొని అల్ ఖోర్ ఊరు దాటేదాంక మాట్లాడలే. కండ్లు తుడుసుకున్నడు. ఇంటికాడ దిగినంక నా చెయ్యి పట్టుకొని, 'మల్లేశం, పాప పొద్దంత కూసొని రాసి ఉంటది, మనకు ముందే తెల్వదన్నట్టే ఉందాం' అన్నడు. ఇగ సూస్తే నువ్వు గెలిపిస్తివి. నేనేం జేద్దు? హారన్ కొట్టిన."

పార్కింగులో కారెక్కి చాలాసేపు స్టార్ట్ చెయ్యలేకపోయాను. ఏడ్చాను, దాచడమెందుకు.

మా విల్లా ఇప్పుడు లేదు, అక్కడ కార్లు ఆగే ఖాళీ స్థలం. పెలికన్ల మైదానం మీద ఇళ్ళు లేచాయి, గడ్డి కోసిన ఆ మనుషులు ఎటు పోయారో, టగ్గు గంట ఏ ఇనుపసామాను కొట్లో ఉందో. ల్యాప్‌టాప్ ఎప్పుడో పోయింది. మిగిలింది పుస్తకం, అమ్మ దేవుడి గంట. ఆ శుక్రవారం సాయంత్రం రెండూ ముందు పెట్టుకుని బాబాయికి ఫోన్ చేశాను. "ఆ ఫైనల్ పేజీ చదవనా బాబాయ్?" అన్నాను. "చదవవే, వింటాను" అన్నాడు.

మొదటి గడి నుంచి చదివాను. ఆయనలా నాకు రాదు, అయినా చదివాను. మూడు పరుగులకీ మూడుసార్లు గంట కొట్టాను. ఆఖరి గడికి వచ్చాను. చెరిపినచోట కాగితం ఇంకా పలచగా, కె అచ్చు వేలికి తగులుతూనే ఉంది.

"చూస్తూ నిలబడిపోయాడు బాబాయ్" అన్నాను.

"తప్పు చదువుతున్నావే చిన్నీ" అన్నాడు బాబాయి. "ఎడమ మూలకి కొట్టాడు. నేను చూశానుగా. కానివ్వు, గంట కొట్టు."