సుబ్బరావమ్మత్త దండనాయకులు

మా సుబ్బరావమ్మత్తకి వంక లేని మగాడంటే గిట్టదు. బయట తిరిగే మగవాళ్ల సంగతి కాదు నేను చెప్పేది, కథల్లో మగవాళ్ల సంగతి. కత్తి పట్టి గుర్రమెక్కిన ఎంతటి వీరుడైనా సరే, ఆవిడ నోట్లో పడ్డాడంటే ఏదో ఒక అవలక్షణంతో బయటికి రావాల్సిందే. ఒకడికి గురక. ఒకడు యుద్ధానికి బయల్దేరి దారి తప్పుతాడు. వినుకొండ కోటను ఒంటిచేత్తో పట్టిన మహావీరుడికైతే కప్పలంటే చచ్చేంత భయం.

"ఒక్కడంటే ఒక్కణ్ణి శుభ్రమైనోణ్ణి పట్టుకురా అత్తా, నీకు పుణ్యముంటది" అని బతిమాలేది పుల్లమ్మ.

"శుభ్రమైనోడు నాకెందుకే? అరుగు మీద కూర్చోబెట్టి హారతివ్వడానికా?" అనేది అత్త.

అత్త అంటే నాకు చుట్టరికం ఏమీ లేదు. పెదకాకాని దగ్గర మిరపకాయల షెడ్డులో పుల్లమ్మ మొదలుకొని నలభై మంది ఆడవాళ్లకీ ఆవిడ అత్తే. వాళ్లంతా వరసగా కూర్చుని, మూతికి గుడ్డ కట్టుకుని, చేతులకి నూనె రాసుకుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీసేవాళ్లు. డిగ్రీ అయ్యాక నేను రెండేళ్లు అక్కడే బస్తాల మీద బ్రష్షుతో మార్కులు వేశాను. పదేళ్ల కిందటి మాట. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పోపు ఘాటెక్కితే, అందరూ కిటికీలు తీయమని అరుస్తుంటే, నాకు మాత్రం ఎక్కడో గుర్రం సకిలించినట్టుంటుంది. తప్పు నాది కాదు, అత్త చదివిన నవలలది.

అత్త కూడా ఇరవై ఏళ్లు తొడిమలు తీసింది. చేతులు పగిలి, పగిలి, చివరికి డాక్టరు ఇక మిరపకాయ ముట్టుకోవద్దన్నాడు. మానేస్తానని చెప్పడానికి వచ్చిన రోజున ఆడవాళ్లు ఆవిడని పోనివ్వలేదు. "నీకు నవలల పిచ్చి ఉందిగా, నువ్వు కూర్చుని చదువు. నీ బుట్ట మేం నింపుతాం" అన్నారు. కూలి బుట్టల లెక్కన కాబట్టి, అప్పటినుంచి అదే ఆచారం. లేచి వెళ్లే ప్రతి మనిషీ అత్త బుట్టలో రెండు దోసిళ్ల కాయలు పోసి వెళ్లేది. షెడ్డు యజమాని బాపయ్య గారు మొదట కళ్లెర్రజేశారు. నాలుగో రోజుకి ఆయన కుర్చీ ఆఫీసు గదిలోంచి గుమ్మంలోకి జరిగింది. "గాలి కోసం" అన్నారు. ఆ గుమ్మంలోకి గాలి వచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు.

ఫోన్లొచ్చిన కాలంలో ఈ చదివించుకోవడం ఏమిటంటారా? కారం చేతులతో ఫోను ముట్టుకుని చూడండి, తెలుస్తుంది. రిహానా ఒకసారి మొగుడి ఫోనొచ్చిందని తొందరపడి ఎత్తి, మూడు రోజులు చెవికి పెరుగు రాసుకుని తిరిగింది. బాపయ్య గారు జాలిపడి పాటల పెట్టె ఒకటి కొని తెచ్చారు. రెండు రోజుల్లో ఆడవాళ్లే దాన్ని వెనక్కి పంపేశారు.

"పాటలు బాగాలేవా?" అని అడిగారాయన.

"బాగానే ఉన్నాయండీ. కానీ మనం తుమ్మితే అది ఆగట్లా" అంది పుల్లమ్మ.

అత్త ఆగేది. అది ఆవిడ గొప్పతనం. రాజకుమారి పెదవి విప్పబోతుండగా మూల నుంచి ఒక తుమ్ము వస్తే, ఆ పెదవి సగం విచ్చుకుని అలాగే ఉండేది. రెండో తుమ్ము కూడా అయ్యాక, "అయిందా? ఇంకుందా?" అని కనుక్కుని, అప్పుడు ఆ తల్లి చేత మాట్లాడించేది.

ఆవిడ పుస్తకాలన్నీ చారిత్రక ప్రేమ నవలలే. గుంటూరులో ఒక అద్దె పుస్తకాల షాపు మూసేస్తుంటే రెండు గోతాలకెత్తి తెచ్చుకుంది. అట్టలు లేనివి కొన్ని, ఆఖరి పేజీలు లేనివి కొన్ని. ఒక్కటి కూడా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "కారం చేతులే! రాజకుమారి కళ్లు మండుతాయి" అనేది. నా చేతులకి కారం లేదు కదా అంటే, "సిరా ఉందిగా" అనేది.

గురక దండనాయకుడి నవల నాకు బాగా గుర్తు. పాపం, అతను ప్రాణాలకి తెగించి అంతఃపురంలో దూరి, తెర చాటున రాజకుమారి కోసం కాచుకుని, కాచుకుని, నిద్రపోయాడు. గురకకి కోట మొత్తం లేచింది.

పుల్లమ్మకి ఒళ్లు మండిపోయింది. "దండనాయకుడు గురక పెట్టడమేందత్తా, అసయ్యంగా!"

"ఏం, మీ ఆయన జక్రయ్య పెట్టట్లా?"

"ఆయనేమన్నా దండనాయకుడా?"

"రాజకుమారి ఏమందో విను ముందు" అని అత్త పేజీ తిప్పింది. ఆ గురక వినపడుతున్నంత సేపూ తను క్షేమంగా ఉన్నట్టేనని అందట రాజకుమారి. పుల్లమ్మ అప్పటికి మూతి తిప్పుకుంది. కానీ నాలుగు నెలలుగా జక్రయ్య మంచాన్ని సందులో వేయిస్తున్న మనిషి, ఆ వారం మంచం ఇంట్లో వేయించిందని రిహానా నా చెవిలో చెప్పింది. మేం నవ్వుకున్నాం. అంతకు మించి ఆలోచించలేదు.

ఇలా ఉండగా నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు శ్రీకృష్ణ. మార్టూరులో గ్రానైట్ రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫొటోలో ఒత్తయిన జుట్టు. పెళ్లిచూపులకి వచ్చిన మనిషికి ఇరవై తొమ్మిదేళ్లు, నుదురు మొదలైతే వెనక మెడ దాకా ఎక్కడా ఆగలేదు.

నేను కాఫీ ఇవ్వగానే అతనే మొదలుపెట్టాడు. "ముందే చెప్తున్నానండి. మీకు పంపిన ఫొటోలో జుట్టు మూడేళ్ల నాటిది. మా అమ్మ ఆ ఫొటోనే పంపింది. తర్వాత మోసం చేశానని అనుకోవద్దు."

నాకు నవ్వొచ్చింది. ఆ పది నిమిషాల్లో ఇంకో రెండుసార్లు నవ్వాను. దాచడమెందుకు, నిజం చెప్తాను. మనిషి నచ్చాడు. పక్కన నిలబడి ఫొటో దిగడం నచ్చలేదు. స్నేహితురాళ్లు ఏమంటారో అన్నీ ముందే వినపడ్డాయి.

"ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పు తల్లీ. వాళ్లకి చీరాల నుంచి ఇంకో సంబంధం వచ్చిందట, నీ మాట కోసమే ఆగారు" అన్నాడు నాన్న.

మర్నాడు షెడ్డులో సంగతి చెప్పాను. పుల్లమ్మ ఊరుకుంటుందా? "రాళ్లతో పాటు తల కూడా పాలిష్ పట్టించుకున్నాడా ఏంది!" అంది. నలభై మందీ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, వద్దని చెప్పేయాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

అత్త మాత్రం నవ్వలేదు. "నీతో ఎట్లా మాట్లాడాడే?" అని అడిగింది. ఫొటో సంగతి అతను ముందే చెప్పాడని చెప్పాను. "ఊఁ" అని, చేతిలో ఉన్న నవల మూసేసి, సంచిలోంచి ఇంకొకటి తీసింది.

ఆడవాళ్లు గోలపెట్టారు. అప్పుడు చదువుతున్న నవలలో మోటుపల్లి రేవు వర్తకుడి ఓడ గాలివానలో చిక్కుకుని ఉంది. "ఓడ మునుగుతుంటే మధ్యలో వదిలేస్తావేందత్తా?" అంది రిహానా.

"మునగదులే. వచ్చే వారం దాకా తేల్తానే ఉంటది."

కొత్త నవల కొండవీటి దండనాయకుడు పోలనాయకుడిది. మంచి కత్తివీరుడు, మాటకారి. కాకపోతే శిరస్త్రాణం తీయడు. అన్నం తినేటప్పుడు తీయడు, రాజుగారి ముందు తీయడు, స్నానానికి కూడా ఆ ఇనప టోపీతోనే ఏట్లోకి దిగుతాడు. అందులో శత్రువుల ఉత్తరాలు దాచాడని కొందరు, విషం సీసా దాచాడని కొందరు. షెడ్డులో రెండు రోజులు ఇదే చర్చ. బాపయ్య గారు కూడా గుమ్మంలోంచి "వజ్రమేమో" అన్నారు.

బుధవారం మధ్యాహ్నం గుట్టు బయటపడింది. పోలనాయకుడిది బట్టతల.

నలభై తలకాయలూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి.

"నన్ను చూస్తారేంటి?" అన్నాను. తర్వాత అత్త మీద పడ్డాను. "కావాలనే చేస్తున్నావు కదా?"

"నేను చేసేదేముందే? పుస్తకంలో ఉంది, చదువుతున్నా. కావాలంటే రాసినాయన్ని అడుగు."

"ఎవరు రాశారు?"

"అట్ట లేదుగా" అంది అత్త.

గురువారానికి పోలనాయకుడు షెడ్డుని జయించాడు. రాజకుమారి నీలాంబరిని చేసుకోవడానికి ఉంగరాల జుట్టు రాజకుమారుడొకడు వచ్చి, ఆ ఇనప టోపీ ఎందుకు తీయడని నిండు సభలో అతణ్ణి వెక్కిరించాడు. "వాణ్ణి నా చేతికివ్వండి, తొడిమ తీసినట్టు తీసేస్తా" అని పుల్లమ్మ లేచి నిలబడింది. మొన్న పాలిష్ జోకు వేసింది ఈవిడే. నేను బస్తాల మీద మార్కులు తప్పుగా వేయడం మొదలుపెట్టాను. చెవులు కథ దగ్గర, మనసు మార్టూరులో. అలాగని ధైర్యం వచ్చిందా అంటే, రాలేదు.

శనివారం ఆఖరి ఘట్టం. శిరస్త్రాణం తీయమని నీలాంబరి నిండు సభలో ఆజ్ఞాపించింది, అక్కడ భోజనాలకి ఆగాం. సరిగ్గా ఆ మధ్యాహ్నమే బాపయ్య గారు కొత్త సరుకు విప్పించారు. ఆ ఘాటుకి అలవాటుపడ్డ వాళ్లు కూడా బయటికి పరిగెత్తారు. అందరూ తిరిగొచ్చి కూర్చున్నాక, అత్త దగ్గి, దగ్గి, నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

"శ్రీరమ్య చదువుద్దిలే! పుస్తకం ఇటివ్వు" అన్నారందరూ నన్ను చూపించి.

అత్త పుస్తకాన్ని రెండు చేతులతో గుండెలకి హత్తుకుంది. వద్దని తలూపింది. సోమవారం తనే చదువుతానని సైగ చేసింది. సోమవారం దాకా పోలనాయకుణ్ణి అలా నిలబెట్టడం పాపమని పుల్లమ్మ వాదించింది. చివరికి అత్త చేతుల్లోంచి నేనే పుస్తకం తీసుకున్నాను. గుర్తుపెట్టిన పేజీ తెరిచి చూశాను.

"సభామధ్యమున పోలనాయకుడు నిలిచి ఉండెను. నల్లని ఉంగరాల కేశములు అతని భుజములపై అలలవలె కదలాడుచుండెను" అని ఉంది.

పేజీ వెనక్కి తిప్పాను. అక్కడా కేశములే. ఇంకా వెనక్కి వెళితే ఏట్లో తడిసిన కేశములు. శిరస్త్రాణం అన్న మాటే ఎక్కడా లేదు. ఆరడుగుల మనిషి, మచ్చుకైనా వంక లేదు.

తలెత్తి అత్తని చూశాను. ఆవిడ షెడ్డు పైకప్పు రేకులు లెక్కపెడుతోంది.

అప్పుడు ఒక్కొక్కటే నా బుర్రకెక్కింది. జక్రయ్య గురక. రిహానా మొగుడు ఆటో నడుపుతూ కూడా గుంటూరులో దారి తప్పుతాడని చుట్టాలంతా ఆడిపోసుకునేవాళ్లు. దారి తప్పే వీరుడి నవల వచ్చాక రిహానా ఆటోలో అతని పక్కన కూర్చుని దారి చెప్పడం మొదలుపెట్టింది. బస్తా కిందినుంచి కప్ప దూకితే బాపయ్య గారు కుర్చీ ఎక్కారు. ఆడవాళ్లు నవ్వారని వారం రోజులు షెడ్డులోకి రాలేదు. ఆ తర్వాత వచ్చిందే వినుకొండ మహావీరుడి నవల. ఇన్నేళ్లూ ఈ ముసలమ్మ నవలలు చదవలేదు. మా మొహాలు చదివింది. నాకు కళ్లు మండాయి. కారం వల్లేనని అందరూ అనుకున్నారు.

"ఊఁ, కానియ్!" అన్నారెవరో.

ఉన్నదున్నట్టు చదివితే అత్త అబద్ధాలకోరు అయిపోతుంది. గొంతు సవరించుకున్నాను.

"పోలనాయకుడు శిరస్త్రాణం మీద చెయ్యి వేసెను. 'రాకుమారీ, ముందే మనవి చేసుకొనుచున్నాను. మీకు పంపిన చిత్తరువులోని కేశములు మూడేండ్ల నాటివి. తరువాత మోసపోతినని తలచవలదు' అనెను. అని, శిరస్త్రాణం తీసివేసెను."

అత్త రేకులు లెక్కపెట్టడం ఆపింది.

"రాజకుమారి ఏమంది?" అంది పుల్లమ్మ. ఒక్క తుమ్ము కూడా లేదు. "చెప్పవే, ఏమంది?"

పేజీలో దానికి జవాబు లేదు. నలభై మందీ తొడిమలు తీయడం ఆపేసి నా నోటివంకే చూస్తున్నారు.

"రాజకుమారి..." అన్నాను. "రాజకుమారి సింహాసనం దిగి వచ్చి, 'చిత్తరువుతో నాకేమి పని? మనిషి వచ్చెను కదా' అనెను."

షెడ్డు దద్దరిల్లింది. గుమ్మంలో బాపయ్య గారు చప్పట్లు కొట్టారు. పుల్లమ్మ ఆనందం పట్టలేక అదే చేత్తో కళ్లు తుడుచుకుని, కెవ్వుమని కేకపెట్టి నీళ్లతొట్టి దగ్గరికి పరిగెత్తింది. ఆ హడావుడిలో నేను పుస్తకం మూసి అత్త ఒళ్లో పెట్టాను.

"పుస్తకంలో అట్లాగే ఉందా?" అంది అత్త. గొంతు లేదు, పెదాలే కదిలాయి.

"అట్లాగే ఉంది అత్తా. అక్షరం పొల్లు పోలేదు" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది. సిరా సంగతి ఎత్తలేదు. ఆ సాయంత్రమే నాన్నకి సరేనని చెప్పాను.

పెళ్లికి షెడ్డంతా కదిలొచ్చింది. పుల్లమ్మ పెళ్లికొడుకు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పైనుంచి కిందికి చూసి, "మా పోలనాయకుడంత అందగాడు కాదులే. అయినా పర్లేదు" అని అక్షింతలు వేసింది.

ఆ పోలనాయకుడెవరో చెప్పమని మా ఆయన పదేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. పాత సంబంధమేమోనని లోపల కొంచెం గుబులు కూడా ఉన్నట్టుంది. నేను చెప్పలేదు. మొన్న అత్తని చూడ్డానికి వెళ్లినప్పుడు ధైర్యం చేసి ఆవిడనే అడిగాడు.

అత్త అతణ్ణి తేరిపార చూసి, "నీ అంతటోడే నాయనా" అంది.