మంచు గ్రహం మీద మాధవయ్య

కొవ్వూరు చేపల బజారులో రామతులసి కత్తిపీట ముందు కూర్చుందంటే, బేరమాడటానికి వచ్చినవాళ్లు బేరం మరిచిపోయి కథ వింటూ నిలబడిపోతారు. బొచ్చె చేపకు పొలుసు తీసి, ముక్కలు కోసి, సంచిలో వేసి చేతికిచ్చేలోగా ఆ చేప పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తుంది. ఒకసారి ఆమె చెబుతున్న వాలుగ కథ వింటూ ఒక పెద్దమనిషి తన పెళ్లిరోజే మరిచిపోయి, రాత్రి అరుగు మీద పడుకోవాల్సి వచ్చిందని బజారంతా చెప్పుకుంటారు. అందులో సగమైనా నిజమే. ఏ సగమో మాత్రం రామతులసినే అడగాలి.

చదువు ఆరో తరగతిలో ఆగిపోయింది. ఆగిపోయింది అంటే ఆమె ఒప్పుకోదు. తానే ఆపాననీ, బడి ఎంతో బతిమాలిందనీ అంటుంది.

ఈ మనిషికి చేపల తర్వాత, ఆ మాటకొస్తే చేపల కంటే ముందే, ప్రాణం ‘సుదూర్’. ఎనభైల చివర్లో ఆదివారం పొద్దున్న టీవీలో వచ్చిన హిందీ సీరియల్. భూమిని వదిలి చుక్కల్లోకి వెళ్లిన ఓడ, అందులో ఒక కెప్టెను, నలుగురు సిబ్బంది, వారానికో గ్రహం. ఇప్పుడు చూస్తే ఆ ఓడ అట్టపెట్టె అనీ, ఆ గ్రహాలు రంగు పూసిన కుండలనీ ఇట్టే తెలిసిపోతుంది. అయినా దానికి అభిమానులున్నారు. రాజమండ్రిలో ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద నెలకో ఆదివారం చేరి, ఒక ఎపిసోడ్ వేసుకుని చూసి, ఆపైన చీకటి పడేదాకా వాదించుకుంటారు. నీలి గ్రహం వాళ్లు మంచివాళ్లా కాదా? కెప్టెను వాళ్లతో అబద్ధం ఎందుకాడాడు? మూడో ఎపిసోడ్‌లో చచ్చిపోయినవాడు ఎనిమిదో దాంట్లో వెనక నడుస్తూ ఎలా కనిపించాడు? ఈ ఆఖరి ప్రశ్న మీద ఇద్దరు బావమరుదులు మాటలు మానేసి, ఒకరి ఇంట్లో శుభకార్యానికి ఇంకొకరు వెళ్లడం లేదు.

ఈ గుంపులోకి రామతులసిని లాక్కొచ్చింది అశ్విని. మందుల కంపెనీలో ఉద్యోగం చేసే పిల్ల. చేపలు కొంటుండగా ఆ పిల్ల ఫోను మోగింది. రింగ్‌టోన్‌గా ‘సుదూర్’ పాట వినగానే రామతులసి చెయ్యి కత్తిపీట మీద ఆగిపోయింది. నీ వయసెంత, ఆ పాట నీకెలా తెలుసని నిలదీసింది. అది మొదలు నెలనెలా ఆ ఆదివారం మధ్యాహ్నానికి బజారు కట్టేసి, తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, బ్రిడ్జి దాటి వెళ్లి ముందు వరసలో కూర్చుంటుంది.

గుంపుకి పెద్ద జగన్నాథరావు. రిటైరైన హిందీ మాస్టారు. ఎవరైనా ‘సుదూర్’ డైలాగులో ఒక్క మాట తప్పు చెప్పారంటే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. రామతులసి వచ్చిన మొదటి రోజే ఆయన ఉపవాసం ఉండాల్సి వచ్చింది. ఓడలోంచి బయటికి దిగేవాళ్లు ముందొక తలుపు తీసుకుని ఒక చిన్న గదిలోకి వెళ్తారు. ఆ తలుపు మూసుకున్నాకే రెండో తలుపు తెరుచుకుంటుంది. అదెందుకని ఒక కుర్రాడు అడిగితే రామతులసి అందుకుంది. కాలవ మీద లాకులు చూడలేదా, ఒక గేటు మూసి నీళ్లు నింపాకే కదా రెండోది తీస్తారు, పైన చుక్కల్లో నీళ్లు ఒక్కో చోట ఒక్కో ఎత్తులో ఉంటాయి కాబట్టి ఓడకి ఆ ఏర్పాటు అంది.

“అంతరిక్షంలో నీళ్లెక్కడివమ్మా?” అన్నారు మాస్టారు.

“నీళ్లు లేకపోతే దాన్ని ఓడ అని ఎందుకన్నారండీ?” అంది రామతులసి.

మేడంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు. చిన్నప్పుడు ఊళ్లో అందరికీ ఆమె చెప్పింది ఇదే, ఊరు ఇప్పటికీ నమ్ముతున్నదీ ఇదే.

అదెలాగంటే, ఆ రోజుల్లో గోదావరి గట్టు మీద చేపలు పట్టేవాళ్ల పేటకంతా ఒకటే టీవీ, వలలు దాచుకునే షెడ్డులో ఉండేది. సీరియల్ హిందీలో. పేటలో హిందీ ముక్క తెలిసినవాడు లేడు. రామతులసి అప్పుడే ఆరో తరగతికి వచ్చింది, చేతికి హిందీ వాచకం వచ్చింది. పుస్తకం ఉన్న పిల్ల కాబట్టి భాష కూడా వచ్చే ఉంటుందని పెద్దలు తీర్మానించేసి, ఆమెను టీవీ పక్కన స్టూలు ఎక్కించారు. ఆ పుస్తకంలో ఆమెకు తెలిసింది ఆవు బొమ్మ కింద రాసిన మాట ఒక్కటే. అయితేనేం, ఎక్కిన స్టూలు దిగలేదు. తెర మీద పెదవులు కదిలినంతసేపూ తెలుగులో కథ పారించింది. సీరియల్లో మాధో చాచా అనే ముసలి మెకానిక్కు ఆమె నోట మాధవయ్య అయ్యాడు. గాలి వాటం చూసి తుఫాను చెప్పే వాడయ్యాడు. పేటలో రెండు పడవలకు ‘సుదూర్’ అని పేరు రాయించుకున్నారు. ఆమె కథకు బెంగపెట్టుకుని ఒక మేక మేత మానేసిందని కూడా అంటుంది గానీ, ఆ మేకను చూసినవాళ్లు లేరు.

ఇక అసలు సంగతి. కొత్తవాళ్లకు హిందీ రాదు గనక ‘సుదూర్’ మొత్తానికీ తెలుగు గొంతులు పెట్టి యూట్యూబ్‌లో వదలాలని రాజమండ్రి గుంపు తలపెట్టింది. మాస్టారు మాటకు మాట తెలుగు రాస్తారు, తలా ఒక పాత్ర చదువుతారు, అశ్విని రికార్డు చేస్తుంది. మొదటి ఎపిసోడ్లు రాగానే పేటలో ఫోనున్న ప్రతివాడూ చూశాడు. ఇందులో నీళ్లేవి, లాకులేవి అని రామతులసిని పట్టుకున్నారు. మాస్టారికి చిన్నప్పటినుంచీ నీళ్లంటే భయం, అందుకే తీసేశారని సర్దిచెప్పింది. అక్కడిదాకా సరదాగానే నడిచింది.

ఒకరోజు పేట నుంచి అప్పాయమ్మ బజారుకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చేతిలో ఫోను. వచ్చినవన్నీ చూస్తోందట.

“మాధవయ్యను మంచులోంచి తెచ్చుకుంటారే, అదెప్పుడొస్తదే తులసీ?” అంది.

రామతులసి ఏ కథా చెప్పకుండానే చేప కోసిచ్చి ఆవిణ్ని పంపేసింది. ఎందుకంటే అసలు సీరియల్లో మాధవయ్యను ఎవరూ తెచ్చుకోరు. పదిహేడో ఎపిసోడ్‌లో మంచు గ్రహం మీద ఓడ ఇరుక్కుంటుంది. బయటినుంచి ఒక మనిషి కొక్కెం విప్పితే తప్ప లేవదు. మాధో చాచా దిగి విప్పుతాడు. ఓడ లేస్తుంది. కెప్టెను కిటికీలోంచి చూస్తూ వెళ్లిపోతాడు.

అది మొదటిసారి టీవీలో రావడానికి వారం ముందే అప్పాయమ్మ మొగుడు సత్తియ్య వరద గోదావరిలో పోయాడు. పేటలో ఒక ఆచారం ఉంది. వేట నుంచి వచ్చిన పడవను తాడు కట్టేముందు, చుక్కాని పట్టినవాడు ఎక్కినవాళ్లందరి పేర్లూ గట్టిగా పిలుస్తాడు. ఒక్కొక్కరూ ‘ఉన్నా’ అనాలి. అందరూ పలికాకే తాడు. ఆ రోజు చుక్కాని పట్టింది రామతులసి నాన్న బుల్లియ్య. మూడు పేర్లు పిలిచాడు. మూడోది, సత్తియ్యది, పలకలేదు. బుల్లియ్య తాడు అక్కడే వదిలి ఇంటికి నడిచాడు; కట్టని ఆ పడవ ఏ లంకకు కొట్టుకుపోయిందో ఎవరూ వెతకలేదు. ఆదివారం షెడ్డులో ఒక మూల బుల్లియ్య, ఇంకో మూల అప్పాయమ్మ. స్టూలు మీద పదకొండేళ్ల పిల్ల. తెర మీద ఓడ లేచిపోతోంది, మంచులో ముసలాయన నిలబడి చూస్తున్నాడు. హిందీ రాకపోయినా ఏం జరుగుతోందో ఆ పిల్లకు తెలిసిపోయింది. “కెప్టెను ఓడ తిప్పాడు,” అని చెప్పింది. తిప్పి, దింపి, మాధవయ్యను ఎక్కించుకున్నాడంది. ఆ సాయంత్రం, వారం తర్వాత మొదటిసారి, అప్పాయమ్మ ఇంట్లో పొయ్యి వెలిగింది. పొగ చూసి పేట ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

ఇప్పుడు మాస్టారి మాటకు మాట తెలుగు అప్పాయమ్మ చేతిలోకి రాబోతోంది. రామతులసి ఆ ఆదివారం బజారు పెట్టనేలేదు.

మేడ మీదికి వెళ్లి, పదిహేడో ఎపిసోడ్ నేను చెప్తాను, నా కథే పెట్టండి అంది. ఎందుకో కూడా దాచకుండా చెప్పింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, తనకూ బాధగానే ఉందనీ, అయితే లేని మాట ఉన్నట్టు పెట్టడం తనవల్ల కాదనీ అన్నారు. అశ్విని కూడా ఆయన వైపే. మిగిలిన తొమ్మిది ఎపిసోడ్లలో కెప్టెను మొహంలో ఉండేదంతా ఆ వదిలేసిన దుఃఖమే కదా, అది తీసేస్తే సీరియల్లో ఇంకేం మిగులుతుందని అడిగింది.

“ఆ దుఃఖం మా రేవులో దండిగా ఉందమ్మాయ్,” అంది రామతులసి. “టీవీలోంచి తెచ్చుకోవక్కర్లేదు.”

పోనీ కథకు ముందు ఒక బోర్డు పెడదాం, ఇది అసలు కథ కాదు, కొవ్వూరులో చెప్పుకున్నది అని రాద్దాం అన్నారు మాస్టారు. బోర్డు పెడితే నేను నోరు విప్పను, అప్పాయమ్మకు చదవడం వచ్చు అంది. అలా సాయంత్రం దాకా లాగింది. టీ వచ్చింది, తాగలేదు. ఒకాయన ఆఖరి బస్సు సంగతి ఎత్తితే, నడిచైనా పోతాను, తేలాక పోతాను అంది. చివరికి విసిగిపోయి, ఒక్కసారి సౌండు తీసేసి వెయ్యండి, నేను చెప్తాను, విన్నాక కాదంటే పోతాను అంది.

వేశారు. రామతులసి లేచి తెర పక్కన నిలబడింది. మాధవయ్య కొక్కెం విప్పాడు. ఓడ లేచింది. తెరంతా నలుపు, అందులో చిన్న ఓడ. అందరికీ తెలిసిన చోటే, గొంతు ఏమాత్రం తడబడకుండా, కెప్టెను ఓడ తిప్పాడంది. వాళ్లంతా ఆ ఓడ వంక చూశారు. చుట్టూ గట్టు లేదు, చెట్టు లేదు. అది పోతోందో తిరిగొస్తోందో ఇన్నిసార్లు చూసినవాళ్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

మాస్టారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత పరీక్ష పేపరు దిద్దేవాడిలా అడిగారు. “మరి పద్దెనిమిదో ఎపిసోడ్‌లో ఆయన లేడు కదమ్మా. ఊళ్లో ఎవరూ అడగలేదా?”

“కింద ఇంజను గదిలో ఉన్నాడండి.”

“పంతొమ్మిదిలో?”

“అక్కడే. మంచులో కాళ్లు పట్టేశాయి, పైకి ఎక్కలేడు. కెప్టెను పేర్లు పిలిచినప్పుడు కిందనుంచి గంట కొడతాడు. ప్రతివారం ఎక్కడో అక్కడ ఏదో ఒకటి టింగుమనేది కదండీ ఆ సీరియల్లో. అదిగో మాధవయ్య అనేదాన్ని.”

“చివరిదాకానా?”

“చివరిదాకా. చివరి వారం ఏదీ మోగలేదండి. స్టూలు మీదనుంచే కాలితో బిందె తన్నాను.”

వెనక వరసలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. తన తెలుగు కూడా ఎప్పటికైనా బయటికి రావాల్సిందేనని, దాన్ని పారేయమంటే మాత్రం ఒప్పుకోననీ అన్నారు. పారేయద్దు, అప్పాయమ్మగారి తర్వాత పెట్టుకోండి అంది రామతులసి. అంటే ఎన్నాళ్లని అడిగారాయన.

“ఆవిడ గట్టిదండి మాస్టారూ. చూస్తే మీరే ముందు పోయేలా ఉన్నారు.”

ఆయన నవ్వేశారు. బోర్డు లేకుండా, ఆమె గొంతు ఒక్కటే పెట్టి, అప్పటికప్పుడు రికార్డు చేయమన్నారు.

అశ్విని మైకు బిగించింది. గంట ఎవరు కొడతారన్న ప్రశ్న వచ్చింది. మేడ మీద గంట లేదు గనక టీ తెచ్చిన స్టీలు పళ్లెం, ఒక చెంచా దొరికాయి. రామతులసి వాటిని తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టింది. అసలు మాధో చాచా ఏమన్నాడో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే, కాబట్టి ఆయనే కొట్టాలంది.

కథ సాగింది. ఓడ తిరిగింది, దిగింది, మళ్లీ లేచింది. కెప్టెను పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మాధవయ్య వంతు ఇంకా రాకుండానే పళ్లెం మోగింది.

రామతులసి చెయ్యెత్తి రికార్డింగు ఆపించింది. “పిలవకుండా పలక్కూడదండి. మొదటినుంచి.”

రెండోసారి మాస్టారు చెంచా పట్టుకుని, ఆమె పెదవుల వంకే చూస్తూ కూర్చున్నారు. ఒక్కో పేరూ వచ్చింది, పోయింది. “మాధవయ్యా,” అని పిలిచింది రామతులసి, గోదావరి మీద పిలిచినంత గట్టిగా. ఆయన వెంటనే కొట్టలేదు. కాళ్లు పట్టేసిన ముసలివాడికి గంట దాకా జరగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, ఒక్కసారి కొట్టారు.

“పలికాడు,” అంది రామతులసి మైకులో. “తాడు కట్టండి.”