సున్నా చుట్టిన పేరు

మొయినాబాద్‌లో నా డీటీపీ షాపుకు ఆ రోజుల్లో పని కొరత లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు పొలాలు కొంటున్నారు, వెంచర్ల వాళ్లు బ్రోచర్లు వేయిస్తున్నారు. నాకు గర్వంగా ఉండేది మాత్రం నెలకోసారి వచ్చే అరబ్బీ పత్రిక పని. తన దేశంలో పత్రికను మూయించేస్తే పారిపోయి వచ్చి, హిమాయత్‌నగర్‌లో కిరాయికి ఉంటున్న ఒక పెద్దమనిషి దాన్ని నడిపేవాడు. ఇక్కడి కాలేజీల్లో చదివే ఆయన దేశపు పిల్లలే రాసేవారు, వాళ్లే చదివేవారు. ఆ దేశం పేరు రాయాలంటే నాకు ఇప్పటికీ భయమే.

మా బాపు నాకు ఉర్దూ అక్షరాలు నేర్పాడు. వాటితోనే అరబ్బీని కూడబలుక్కుని టైప్ చేసేవాణ్ణి, అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. చివరి మార్పులన్నీ ఆయనే పక్కన కూర్చుని చేయించేవాడు.

ఒక నెల ఆయన టైఫాయిడ్‌తో దవాఖానలో పడ్డాడు. ప్రూఫు కాగితాల మీద తనే గుర్తులు పెట్టి, అలాగే చెయ్యమని పంపాడు. ఒక వ్యాసం కింద రాసిన కుర్రాడి పేరుకు సున్నా చుట్టి ఉంది. నేనెరిగిన పేరే. చేవెళ్ల రోడ్డులో అతనికి గది చూసిపెట్టింది నేనే. మా దగ్గర పేరుకు సున్నా చుట్టారంటే పెద్దక్షరాల్లో వేయమని. సర్పంచ్ ఫ్లెక్సీ నుంచి పెళ్లి కార్డు దాకా అంతే. బోల్డ్ చేసి, సైజు కూడా పెంచాను.

పత్రిక వచ్చిన నాలుగో రోజు షాపు ముందు కారు ఆగింది. డ్రైవర్ మనవాడే, పత్రికలో ఆ పేరు చూపించాడు.

"అన్నా, ఈ పిలగాడు ఏడుంటడో ఎరుకేనా?"

"ఎరుకే. గా సందులు చెప్తే సమజ్ కావు, పా, నేనే చూపిస్త."

ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. వెనక సీట్లో అరబ్బు మనిషొకడు కూర్చున్నాడు. ఆ పేరు పైకి కనబడేలా పత్రికను మడిచి పట్టుకున్నాడు. అప్పుడే నా ఒళ్లు ఝల్లుమనాల్సింది. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయే అని మురిసిపోయాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. సందు మొదట్లో దిగి, ఇల్లు చూపించి వచ్చేశాను.

మర్నాడు పెద్దమనిషి దవాఖాన నుంచి నేరుగా షాపుకొచ్చాడు. పేజీ తిప్పి, బెంచీ మీద కూలబడ్డాడు. సున్నా చుట్టింది పేరు తీసెయ్యమని. పేరు బయటపడితే అక్కడ ఇంటివాళ్లను పట్టుకుపోతారట, ఇక్కడున్న వాణ్ణీ వదలరట.

ఇద్దరం షేర్ ఆటోలో పరిగెత్తాం. గదికి తాళం.

"నిన్ననే వాళ్ల దేశమోళ్లు అచ్చి తోల్కపోయిండ్రు బిడ్డా," అంది ఇంటి అవ్వ. "చెప్పులు గూడ ఏస్కోనియ్యలే."

తిరిగొస్తుంటే ఆయన ఉర్దూలో నెమ్మదిగా అడిగాడు, ఇల్లు ఎవరు చూపించి ఉంటారని. నాకేం తెలుసు సాబ్ అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన దాన్ని దుఃఖమే అనుకున్నాడు.

ఆ వారమే ఆయన ఇల్లు మారాడు. ఎక్కడికో నా ఒక్కడికే చెప్పాడు.