అయిదో సెల్లు అబద్ధాలు

మా అక్క బండి మళ్లీ ఆగింది. ఈసారి ఆర్మూర్ పక్కనే పెర్కిట్ దగ్గర, లారీలు మలుపు తిరిగే చోట. ఫోన్ వచ్చేసరికి నేను షాపులో ఒక బోరు మోటారు విప్పి, కాలిపోయిన రాగి తీగ లాగుతున్నాను. ఫోన్ ఎత్తకముందే నాకు సంగతి తెలిసిపోయింది. "ఆగింది" అంది అక్క. అంతే, ఇంకో మాట లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మా అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. రెండు కాళ్ల మీదా నిలబడలేదు. ఇన్నేళ్లూ చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీదే పసుపు గోదాముకు వెళ్లి వచ్చేది. అక్కడ కింద కూర్చుని పసుపు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి మండ దుంపలు ఒక కుప్ప చేస్తుంది. పని ఆమెకు కష్టం కాదు, దారే కష్టం. రోడ్డు ఎత్తెక్కే చోట భుజాలు పట్టేసేవి. అప్పుడు ఎవరో ఒకరు వెనక నుంచి తోసేవారు. తోసేవాళ్లు మంచివాళ్లే, కాదనను. కానీ తోస్తూ తోస్తూ పక్కవాడితో ముచ్చట పెడతారు, మధ్యలో ఆగి బీడీ వెలిగించుకుంటారు, ఆమె దిగాల్సిన చోట కాకుండా తమకు వీలైన చోట వదిలేసి పోతారు. మా అక్కకు అది ఒళ్లు మండే విషయం. బయటికి మాత్రం "మంచిగుండు కొడుకా" అని దీవిస్తుంది, ఇంటికొచ్చాక నా మీద విరుచుకుపడుతుంది.

అందుకే ఆ బండికి మోటారు బిగించి, లిథియం బ్యాటరీ నేనే కట్టి ఇచ్చాను. ఎవరి చెయ్యీ పడకుండా ఆమె తనంతట తాను తిరగాలి, నాకు కావలసింది అదొక్కటే. కొన్నాళ్లు బాగానే తిరిగింది. తర్వాత మొదలైంది ఈ పీడ. ఎప్పుడు ఆగుతుందో తెలియదు, ఎందుకు ఆగుతుందో తెలియదు. ఆగితే తోయడం ఇదివరకటి కంటే కష్టం. మోటారు బరువూ బ్యాటరీ బరువూ అదనంగా తగిలించిన ఘనుణ్ణి నేనే కదా.

పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోంచి మంచి సెల్లులు ఏరి, గుంపులు కట్టి, ఆ గుంపుల్ని వరసగా కలిపి చేసిన బ్యాటరీ అది. ఒక్కో గుంపును నేను సెల్లు అనే అంటాను. దానికి బీఎంఎస్ అని ఒక చిన్న బోర్డు ఉంటుంది. సెల్లుకూ సెల్లుకూ మధ్య నుంచి ఒక్కో సన్నటి తీగ ఆ బోర్డుకు వెళుతుంది. ఏ సెల్లులో ఎంత వోల్టేజీ ఉందో బోర్డు ఆ తీగల్లోంచే చూసుకుంటుంది. ఏ ఒక్కటి మరీ పడిపోయినా మొత్తం కరెంటు కట్ చేసేస్తుంది. ఆ అంకెలన్నీ నా ఫోన్‌లోనూ అక్క ఫోన్‌లోనూ కనిపిస్తాయి. నా ప్రాణం తీసింది ఆ అంకెలే.

బండి ఆగిన ప్రతిసారీ తప్పు అయిదో సెల్లుదే. మిగతావన్నీ దిట్టంగా ఉంటే అది ఒక్కటే అడుగంటినట్టు చూపేది. పక్కనున్న ఆరోది నిండుకుండలా పొంగిపోతున్నట్టు చూపేది. సరే, అయిదోది చచ్చిందనుకుని, బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని షాపుకు తెచ్చి, పెట్టె విప్పి, మీటరు పెట్టి చూస్తే రెండూ ఒక్క తీరుగా ఉండేవి! ఫోన్‌లోనూ అప్పటికి అంకెలు బుద్ధిగా వరసలో నిలబడేవి. దవాఖానకు తీసుకురాగానే జ్వరం తగ్గిపోయే పిల్లల్లాగా. ఎవరి మీద అరవాలో తెలియక మీటరు మీద అరిచేవాణ్ణి.

హైదరాబాద్‌లో బోర్డు అమ్మినతనికి ఫోన్ చేశాను.

"సార్, యాప్ అప్‌డేట్ చేసిన్రా?"

"చేసిన."

"సెల్లులు పాతవా సార్?"

"సెల్లుల మాట ఇడిచిపెట్టు భయ్, నువ్వమ్మిన బోర్డు సంగతి చెప్పు."

"బోర్డుల ఏం ఉండది సార్. సెల్లే వీక్ ఉంటది."

ఆ మాట పట్టుకుని అయిదో సెల్లు మొత్తం కోసేసి కొత్తది వేశాను. వెల్డింగు చేస్తుంటే వేళ్లు కాలాయి. మళ్లీ ఆగింది, మళ్లీ అయిదోదే! అప్పుడు బోర్డే మార్చేశాను. కొత్త బోర్డు కూడా అదే అయిదో సెల్లును వేలెత్తి చూపింది. రెండు సెల్లుల అంకెలు కలిపితే మాత్రం లెక్క సరిగ్గా సరిపోయేది. అంటే కరెంటు ఎక్కడికీ పోవడం లేదు, రెండింటి మధ్యనున్న ఆ ఒక్క తీగ దగ్గరే ఏదో మాయ జరుగుతోంది. తీగ కూడా మార్చాను. అయినా ఏమీ లాభం లేకపోయింది.

గోదాములో హమాలీలకు నేనొక కాలక్షేపం అయిపోయాను. "ఏందన్నా, నీ బ్యాటరీ గింత అలుగుతది? జర బుజ్జగించు" అన్నాడొకడు, బండిని నీడలోకి తోస్తూ. అక్క ఆ బండి మీదే కూర్చుని ఉంది. అతని వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"నీతోని కాకుంటే కాదని జెప్పు. పాత చేతి బండే తీస్త. గిట్ల నడిమిట్ల కూలవడేదానికంటె గదే నయం."

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. ఇన్ని మోటార్లు బాగుచేశాను, వాసన చూసి ఏ వైండింగు కాలిందో చెప్పేవాణ్ణి, సొంత అక్క బండి దగ్గర ఇలా చతికిలపడ్డాను. చేతి బండికి తిరిగి వెళ్లడమంటే మళ్లీ ఆ ఎత్తు దగ్గర ఆగి, వచ్చేపోయేవాళ్ల మొహాలు చూడటమే. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చిందంటే ఎంత విసిగిపోయిందో నాకు అర్థమైంది.

ఇక లాభం లేదని ఒక పొద్దున అక్క బయల్దేరే వేళకే ఆమె గది ముందుకు వెళ్లి కూర్చున్నాను. ఆమెది మా వీధి చివర గది, నేను ఆ వేళకు ఎప్పుడూ అటు వెళ్లేవాణ్ణి కాదు. బండి పక్కన గడప మీద కూర్చుని ఫోన్‌లో అంకెలు తెరిచాను. అన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. బయల్దేరాక వెంట మోటార్ సైకిల్ మీద వెళ్లి, ఏ గుంటలో, ఏ కుదుపులో అయిదోది పడిపోతుందో కనిపెట్టాలని నా పథకం.

అక్క స్నానం చేసి, దేకుతూ బయటికి వచ్చింది. ఒక చేతిలో చిన్న గిన్నె. బండి దగ్గరికి వచ్చి, గిన్నెలో వేలు ముంచి, బ్యాటరీ పెట్టె పక్కన రాసింది. నా ఫోన్‌లో అయిదో సెల్లు అంకె కిందికి జారింది. ఆరోది పైకి లేచింది. ఆమె ఇంకోసారి వేలు ముంచి రాసింది. ఇంకా జారింది.

"అక్కా! ఆగు! ఏం జేస్తున్నవే?"

"కండ్లు కనవడ్తలేవా? పసుపు వెడ్తున్న."

"గాడనే ఎందుకు?"

"గదే గదా దాని మొఖం. లైటు గాడనే మెరుస్తది."

నిజమే, బోర్డు మీది చిన్న లైటు కనిపించాలని పెట్టెకు ఆ పక్క మూత తీసి ఉంచింది నేనే. ఆ లైటు పక్కనే తీగలన్నీ వచ్చి కలిసే తెల్లటి ప్లగ్గు ఉంది. నీళ్లలో కలిపిన పసుపు సరిగ్గా ఆ ప్లగ్గు పిన్నుల మధ్య పడుతోంది. తడిగా ఉన్నంతసేపూ ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు కరెంటు కారుతోంది, బోర్డుకు తప్పుడు అంకె వెళుతోంది. పసుపు పలచనైన రోజు పిన్నుల దాకా జారి బండి ఆగుతుంది, చిక్కగా ఉన్న రోజు ఆగదు. నేను షాపుకు తెచ్చేసరికి ఎండకు ఆరిపోతుంది.

అన్నిటికంటే ఒళ్లు మండిన సంగతి ఇంకొకటి. ఆ ప్లగ్గు మీద పసుపు రంగు నేను ప్రతిసారీ చూశాను. చూసి బ్రష్షుతో దులిపేశాను! ఆర్మూర్‌లో పసుపు రంగును చూసి ఎవడు అనుమానిస్తాడు? సీజన్లో మా ఊళ్లో చొక్కా కాలరు పచ్చన, కిటికీ ఊచలు పచ్చన, ముక్కు తుడుచుకున్న రుమాలు పచ్చన. గోదాము దుమ్మే అనుకున్నాను.

"రోజూ వెడ్తున్నవా?" అని అరిచాను.

"రోజూ వెడ్త. నువ్వు కొత్త మోటర్ తెస్తె పసుపు రాయకుండనే బిగిస్తవా? నా పానం దీని మీద వెట్టుకొని లారీల నడుమ పోతున్న, దండం వెట్టుకోవద్దా?"

సెల్లు కోశాను, బోర్డు మార్చాను, వేళ్లు కాల్చుకున్నాను. కోపం నవ్వుగా కూడా మారలేదు, కోపంగానే ఉండిపోయింది. ప్లగ్గు కొత్తది వేసి, మీద సిలికాన్ పూసి, పెట్టెకు ఆ పక్క మూత గట్టిగా బిగించాను. పసుపు హ్యాండిల్‌కు రాసుకొమ్మన్నాను. "మొఖం మూసినవ్ గదరా" అని గొణిగింది కానీ ఒప్పుకుంది.

ఆ తర్వాత బండి ఆగలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఆమె ఫోన్ చేస్తే చాలు, మళ్లీ ఎక్కడో ఆగిందనే అనుకునేవాణ్ణి.

అలాగే ఒక మధ్యాహ్నం చేసింది. నేను మీటరు జేబులో వేసుకుని, మోటార్ సైకిల్ తాళాలు తీసుకుంటూనే అడిగాను, "ఏడ ఆగింది?"

"ఆగలే."

"మరేంది?"

"బాల్కొండల ఉన్న."

హైవే మీద, ఆ లారీల మధ్య, మూడు చక్రాల బండి మీద అంత దూరమా, పిచ్చి గిట్ల లేసిందా, తిరిగొచ్చేటప్పుడు ఛార్జింగ్ అయిపోతే ఎవరు దిక్కు అని కేకలు పెట్టాను. ఆమె అంతా విన్నది. వెనక బస్సు హారన్ వినిపిస్తోంది.

"అంకెలు చూసుకున్న. అన్ని ఒక్క తీరుగనే ఉన్నయ్. వాపస్ వచ్చేదానికి సరిపోతది."

"బాల్కొండల నీకేం పని?"

"పనేం లేదు. చాయ్ తాగిన. పుట్టినప్పటి సంది యాడికన్న పోవాల్నంటె ఎవలో ఒకల్ని అడిగే పోయిన. ఒక్కపారన్న ఎవల్ని అడగకుండ పోయొద్దామనుకున్న. నువ్వు ఎదురు రాకురా."

నేను తాళాలు చేతిలో పట్టుకుని, ఆమె వచ్చేదాకా షాపులోనే కూర్చున్నాను.