రెండో కౌంటర్ పాస్‌వర్డ్

ఆ ఆసుపత్రిలో డాక్టర్ల గదులకన్నా ముందు ఏసీ పెట్టించింది నా గదికే. నా మీద ప్రేమతో కాదు, సర్వర్ కోసం. నాందేడ్ ఎండలకు అది వేడెక్కి ఆగిపోతే బిల్డింగంతా ఆగిపోతుందని యజమాని డాక్టర్‌గారి భయం. అనుమతి లేనిదే లోపలికి రాకూడదని తలుపు మీద మరాఠీలో బోర్డు రాయించింది మాత్రం నేనే. నా మాట అంత బాగా చెల్లుతుందని అనుకోలేదు. నిజంగానే ఎవరూ వచ్చేవారు కాదు. పొద్దున తొమ్మిదికి లోపలికి వెళితే సాయంత్రం దాకా ఫ్యాన్ల హోరు తప్ప మనిషి గొంతు వినపడేది కాదు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఎంతోకాలం కాలేదు. మాది తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు, ధర్మాబాద్ పక్క కర్ఖేలి. చదువు ముగించి, ఆసుపత్రి కంప్యూటర్లు చూసే ఈ ఉద్యోగంలో చేరి, నాందేడ్‌లో ఒక గది తీసుకుని ఒక్కణ్నే ఉండేవాణ్ని. ఆసుపత్రిలో అందరితో మరాఠీయే. నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే, రిజిస్ట్రేషన్ రెండో కౌంటర్‌లో కూర్చునే ఆవిడ. ఉమ్రి నుంచి రోజూ రైల్లో వచ్చేది. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. నేను అక్కా అనేవాణ్ని, ఆమె తమ్మీ అనేది. మధ్యాహ్నం ఆ బోర్డును లెక్కచేయకుండా నేరుగా లోపలికి వచ్చి, జొన్నరొట్టె, పుంటికూర పప్పు సగం నా ముందు పెట్టేది. సర్వర్ గదిలో తిండి తినకూడదన్న నియమం కూడా నాదే. రోజూ దాన్ని మీరి కడుపునిండా తినేవాణ్ని. మిగిలిన రోజంతా ఆ అరగంట కోసమే ఎదురుచూసేవాణ్నని అప్పట్లో ఒప్పుకునేవాణ్ని కాదు.

పాస్‌వర్డ్ అంటే మా వాళ్లకు మంచినీళ్ల గ్లాసు. ఎవరు అడిగినా ఇచ్చేసేవారు. ఫార్మసీవాళ్లు ల్యాబ్‌వాళ్లకు వరండాలోంచి కేకేసి మరీ చెప్పేవారు. ఇవ్వననడమంటే ఎదుటివాడి మీద నమ్మకం లేదనడమే. ఉద్యోగం మానేసినవాళ్ల పేర్ల మీద కొత్తవాళ్లు నిక్షేపంగా పని చేసుకునేవారు. ఒకరోజు ఎవరో అలాగే, ఎప్పుడో వెళ్లిపోయిన ల్యాబ్ ఉద్యోగి పేరుతో లోపలికి వెళ్లి, ఒక రోగి బ్లడ్ గ్రూపు తప్పుగా మార్చారు. నర్సు కనిపెట్టి రక్తం ఎక్కించకుండా ఆపింది కాబట్టి ఆ రోగి బతికాడు. ఎవరు మార్చారని డాక్టర్‌గారు అడిగితే, ఆ వెళ్లిపోయినవాడి పేరే చూపించగలిగాను. ఇక నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి, మళ్లీ ఇలా జరగకూడదు అన్నారాయన.

నాకు అంతే కావాలి. పాత ఉద్యోగుల ఖాతాలన్నీ మూసేశాను. పాస్‌వర్డుల బలం పరీక్షించే ప్రోగ్రాం ఒకటి సంపాదించాను. జనం పెట్టుకోగల పదాలు దానికి ముందుగా మనమే అందించాలి. దేవుళ్ల పేర్లు, సినిమావాళ్ల పేర్లు, మన వైపు పిల్లలకు పెట్టుకునే పేర్లు కూర్చుని ఎక్కించాను. శనివారం మొదలుపెడితే సోమవారం పొద్దుటికి సగానికి పైగా పాస్‌వర్డులు తెరమీద వరసగా నిలబడ్డాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ వరసను కాగితం మీద అచ్చుతీసి, హాజరు పుస్తకం పెట్టే చోట గోడకు అంటించాను. మనుషుల పేర్లు రాయలేదు, విభాగం, కౌంటర్ నంబరు మాత్రమే రాశాను. అది నా మర్యాద. అందరి పాస్‌వర్డులూ ఆ పూటే మార్పించేశాను కాబట్టి పాతవి బయటపడ్డా ప్రమాదం లేదనుకున్నాను. సిగ్గుపడితేనే బుద్ధి వస్తుందన్నది నా సిద్ధాంతం.

కాగితం ముందు పెద్ద గుంపు చేరింది. ఒక పెద్ద డాక్టర్‌ది సినిమా తార పేరని తెలిసి పగలబడి నవ్వారు. రెండో కౌంటర్ ఎదురుగా ఒక మగవాడి పేరుంది. ఆమె భర్త పేరు అది కాదని అందరికీ తెలుసు. వాడెవడో మాకూ చూపించు అని ఒకతను మరాఠీలో అంటే, పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. వరండా చివర నిలబడి నేనూ నవ్వాను. ఆమె సంతకం పెట్టి, కాగితం వైపు ఒకసారి చూసి కౌంటర్‌లోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం రొట్టెలు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు ప్రింటర్ ఆగిపోయిందని చెప్పడానికి వచ్చి, గడప బయటే నిలబడి, “సర్, ప్రింటర్ బంద్ ఆహే” అంది. మూడేళ్లలో నాతో ఆమె మరాఠీ మాట్లాడటం అదే మొదలు. నాకు కోపం వచ్చింది. ఆసుపత్రి మంచికోసం చేసిన పనికి ఇంత అలకా అనుకున్నాను. మిగతావాళ్లు కూడా నేను పక్కనుంచి పోతుంటే కీబోర్డు మీద చేతులు అడ్డం పెట్టుకునేవారు. టీ దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి.

ఇంకో చికాకు. మూడుసార్లు తప్పు కొడితే ఖాతా మూసుకుపోయేట్టు పెట్టాను. రోజూ పొద్దున రైలు దిగి ఆమె వచ్చే వేళకు రెండో కౌంటర్ మూసుకుపోయేది. తెరవమని పక్క కౌంటర్ వాళ్ల చేత కబురు పంపేది. కావాలనే నన్ను సతాయిస్తోందనుకుని, తెరిచేముందు కాసేపు ఆలస్యం చేసేవాణ్ని. కౌంటర్ ముందు రోగుల వరస పెరిగేది.

ఆ కబురు ఒకరోజు పిల్లల వార్డు పెద్ద నర్సు తెచ్చింది. తెరవమని చెప్పి పోలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. గోడ మీద రెండో కౌంటర్ ఎదురుగా ఉన్న పేరు ఆమె కొడుకుదని చెప్పింది. ఒకటో తరగతి పిల్లవాడు. జ్వరం ముదిరాక ఈ ఆసుపత్రికే తెచ్చారట, తన వార్డులోనే పోయాడట. ఆ తర్వాతే డాక్టర్‌గారు ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారట. పాతవాళ్లు ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదట. పొద్దున కౌంటర్ ఎందుకు మూసుకుపోతోందో అప్పుడు అర్థమైంది. ఆమె వేళ్లు ఇంకా ఆ పేరే కొడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. నర్సు ముందే ఏడ్చాను.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు సలహా అడిగితే ఇదే చెబుతాను. పరీక్ష చెయ్యండి, ముందు యజమాని చేత అనుమతి రాయించుకుని చెయ్యండి. ఏ ఖాతా బలహీనమో తెలుసుకోండి చాలు, అందులో ఏముందో చదవకండి, ఎక్కడా దాచకండి. చెప్పాల్సింది ఆ మనిషికి విడిగా చెప్పండి. వాళ్లు తలూపుతారు. ఎందుకో మాత్రం నేను చెప్పను.

నర్సు చెప్పిన ఆ రోజే, రోగులు పలచబడ్డాక రెండో కౌంటర్‌కు వెళ్లాను. తప్పయిందక్కా, నాకు తెలియదు అన్నాను. ఆమె తెర వైపే చూస్తూ తెలుగులో మాట్లాడింది.

“ఇంట్ల వాని పేరు ఎవ్వరూ తియ్యరు సార్. అత్త ముందట అనొద్దు, మా ఆయన ముందట అనొద్దు. ఇక్కడ పొద్దుగాల ఒక్కసారి కొట్టుకుంటుంటి. తెర మీద చుక్కలే కనవడుతుండె, ఎవ్వరికి తెల్వకపోతుండె.”

నీ ఒక్కదానికి పాతదే మళ్లీ పెట్టుకునేట్టు చేస్తానన్నాను. అది నా నియమాలకు విరుద్ధం, అయినా చేసేవాణ్ని.

“ఎందుకు సార్, అందరు సదివిన్రు గదా. మీరే ఏదన్న పెట్టి ఇయ్యండ్రి. నాకేదైతేంది.”

గదికి వెళ్లి పెట్టాను. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు కలిపి, ఏ ప్రోగ్రామూ పట్టుకోలేనిది, ఎవరికీ ఏ అర్థమూ లేనిది. కాగితం మీద రాసి ఇచ్చి, బాగా గుర్తుపెట్టుకుని చింపెయ్యమన్నాను. సరేనంది. మూడేళ్లు ఎవరు అడిగినా తన పాస్‌వర్డ్ చెప్పని మనిషి ఆ బిల్డింగ్ మొత్తంలో ఆమె ఒక్కతే.

మర్నాడు పొద్దున రెండో కౌంటర్ మూసుకుపోలేదు. అటువైపు వెళ్లి చూశాను. నేనిచ్చిన కాగితాన్ని అందరికీ కనపడేట్టు మానిటర్ అంచుకు టేపుతో అంటించుకుని, ఒక్కొక్క అక్షరమే చూసి కొడుతోంది. ఆసుపత్రిలో ఎవరినైనా మందలించగలిగిన నాకు, అది తీసెయ్యమని ఆమెకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.